దశలవారీ వెబ్ ఫారాల్లో నింపిన వివరాలను భద్రపరచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పొడవాటి దరఖాస్తును నాలుగైదు దశలుగా విడగొట్టి, 'తర్వాత', 'వెనుకకు' బటన్లతో నడిపించే ఫారాన్ని వాడుకలో విజార్డ్ అంటున్నాం. అలాంటి ఫారాలను తయారుచేసేవారికీ, నిర్వహించేవారికీ పదేపదే ఎదురయ్యే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. భాష, ఫ్రేమ్‌వర్క్ ఏదైనా సమస్యలు దాదాపు ఒకటే కాబట్టి, కోడ్ కంటే నిర్ణయాల మీదే ఎక్కువ దృష్టి పెట్టాం.

ఒకే పేజీ ఫారానికి లేని చిక్కు విజార్డ్‌కు ఎక్కడి నుంచి వస్తుంది?

ఒకే పేజీ ఫారంలో నింపినదంతా సమర్పించే క్షణం వరకు కళ్ల ముందే ఉంటుంది. విజార్డ్‌లో రెండో దశ తెరుచుకోగానే మొదటి దశలో నింపినవి తెర మీద నుంచి తప్పుకుంటాయి. అవి ఎక్కడో ఒకచోట బతికి ఉండాలి. ఆ చోటు ఏదో మీరు నిర్ణయించకపోతే ఫ్రేమ్‌వర్క్ తనకు తోచినట్టు నిర్ణయిస్తుంది, ఆ సంగతి మీకు తెలిసేది వాడుకరి ఫిర్యాదు చేసినప్పుడే.

చిత్తుప్రతిని, సమర్పించిన దరఖాస్తును ఒకే పట్టికలో ఉంచవచ్చా?

ఉంచకపోవడమే మేలు. చిత్తుప్రతి వేరు, శుద్ధప్రతి వేరు. కాగితం మీద రాసే రోజుల్లో చిత్తు కాగితంలో కొట్టివేతలు, ఖాళీలు, సగం వాక్యాలు ఉన్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. సాఫు చేసి ఇచ్చిన ప్రతిని మాత్రమే తనిఖీ చేసేవారు. వెబ్ ఫారానికీ అదే న్యాయం వర్తిస్తుంది. ఒకే పట్టికలో పెట్టినప్పుడు, పుట్టిన తేదీ తప్పనిసరి అన్న నిబంధన వల్ల సగం నిండిన దరఖాస్తును డేటాబేస్ తిరస్కరిస్తుంది. దాన్ని తప్పించుకోవడానికి నిబంధనలన్నీ సడలిస్తే, సమర్పించిన దరఖాస్తులకు కూడా రక్షణ పోతుంది. పైగా నివేదికలు తయారుచేసే ప్రతి క్వెరీలోనూ 'చిత్తుప్రతులు కానివి మాత్రమే' అన్న షరతు పెట్టడం గుర్తుంచుకోవాలి, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకసారి మరిచిపోతారు.

చిత్తుప్రతులకు వేరే పట్టిక పెట్టి, అందులో గుర్తింపు సంఖ్య, యజమాని, ఫారం వెర్షన్, సవరణ సంఖ్య, చివరిసారి మారిన సమయం అన్న నిలువు వరుసలతో పాటు, నింపినదంతా ఒకే జేసన్ (వివరాలను పేరు, విలువ జతలుగా రాసే అక్షర రూపం) గడిలో ఉంచడం చాలా సందర్భాలకు సరిపోతుంది. సమర్పించినప్పుడు మాత్రమే ఆ జేసన్‌ను పూర్తిగా సరిచూసి, అసలు పట్టికల్లోకి విడదీసి రాస్తారు.

నింపిన వివరాలను ఎక్కడ ఉంచాలి? కుకీలోనా, బ్రౌజర్‌లోనా, సర్వర్‌లోనా?

వాడుకరి ఆ పని పూర్తిచేయడానికి ఎంతసేపు తీసుకుంటాడు, ఒకే పరికరం మీద పూర్తిచేస్తాడా అన్న రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే ఎంపిక సులభమవుతుంది.

దాచిన ఫీల్డుల్లో పెట్టి ఒక దశ నుంచి మరో దశకు మోసుకువెళ్లడం అన్నిటికంటే పాత పద్ధతి. సర్వర్ ఏమీ గుర్తుంచుకోనవసరం లేదన్నది దాని సౌలభ్యం. అయితే పేజీలో ఉన్న ఏ విలువనైనా డెవలపర్ టూల్స్ తెరిచి ఎవరైనా మార్చగలరు కాబట్టి, మొదటి దశలో సరిచూశామన్న ధీమాతో చివరి దశలో మళ్లీ సరిచూడకుండా వదిలేస్తే మోసపోతారు. విలువలను ఎవరైనా మార్చితే పట్టిచ్చే హెచ్‌మ్యాక్ సంతకం జోడించవచ్చు గాని, ట్యాబ్ మూసేస్తే అంతా పోయినట్టే.

బ్రౌజర్ దాచుకుని సర్వర్‌కు తిరిగి పంపే చిన్న తునకలైన కుకీలు ఇందుకు పనికిరావనే చెప్పాలి. ఒక్కో కుకీకి దాదాపు 4,096 బైట్ల పరిమితి ఉంటుంది, పైగా ప్రతి అభ్యర్థనతోనూ ఆ బరువంతా సర్వర్‌కు ప్రయాణిస్తుంది. జాంగో వంటి ఫ్రేమ్‌వర్కులకు కుకీ ఆధారిత విజార్డ్ సదుపాయం ఉన్న మాట నిజమే, రెండు మూడు చిన్న ఫీల్డులున్న ఫారాలకు అది నడుస్తుంది.

సర్వర్ సెషన్, అంటే ఒక్కో వాడుకరి వివరాలను సర్వర్ కొంతకాలం గుర్తుంచుకునే చోటు, తేలికైన మార్గంలా కనిపిస్తుంది. దాని ఆయుష్షు ఎంతో ముందుగా చూసుకోవాలి. పీహెచ్‌పీ భాషలో సెషన్ డేటాకు స్వతహాగా ఉండే గడువు 1,440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. జాంగోలో సెషన్ కుకీ గడువు రెండు వారాలు. ఒకే రకం కోడ్ రాసి, ఒకచోట భోజనానికి వెళ్లి వచ్చేసరికి అన్నీ పోవడం, మరోచోట పది రోజుల తర్వాత కూడా ఉండడం ఈ తేడా వల్లనే. అంతేకాక, సెషన్‌లో 'ఫారం' అన్న ఒకే పేరు (కీ) కింద అంతా ఉంచితే, వాడుకరి రెండు ట్యాబుల్లో రెండు దరఖాస్తులు మొదలుపెట్టగానే ఒకదాని వివరాలు మరొకదానిలో కలిసిపోతాయి. ప్రతి చిత్తుప్రతికీ సొంత గుర్తింపు సంఖ్య ఇచ్చి, దాన్ని పేజీ చిరునామా (యూఆర్ఎల్)లోనే కనిపించేలా పెట్టడం దీనికి విరుగుడు.

బ్రౌజర్‌లో ఉంచదలచుకుంటే మూడు దారులున్నాయి. సెషన్‌స్టోరేజ్ ఒక్క ట్యాబ్‌కే పరిమితం. పేజీ రీలోడ్ అయినా నిలుస్తుంది, ట్యాబ్ మూస్తే పోతుంది. లోకల్‌స్టోరేజ్ ట్యాబులన్నిటికీ ఉమ్మడి, సాధారణంగా ఒక్కో సైట్‌కు 5 ఎంబీ వరకు పడుతుంది, అక్షరాల వరుసలను (స్ట్రింగులను) మాత్రమే దాచుకుంటుంది. ఇండెక్స్‌డ్‌డీబీ ఫైళ్లను కూడా దాచగలదు, పేజీని ఆపకుండా పనిచేస్తుంది, రాయడం మాత్రం కొంచెం శ్రమ. ఈ మూడింటిలో ఏదీ శాశ్వతం కాదు. 2020లో వచ్చిన సఫారీ 13.1 నుంచి, వాడుకరి ఏడు రోజుల బ్రౌజర్ వినియోగంలో ఆ సైట్‌ను ఒక్కసారి కూడా ముట్టుకోకపోతే, స్క్రిప్టులు రాసుకున్న నిల్వనంతా ఆ బ్రౌజర్ తుడిచేస్తుంది. నిల్వ నిండితే రాయబోయినప్పుడు లోపం విసురుతుంది కూడా. దాన్ని పట్టుకునే కోడ్ లేకపోతే అక్కడితో ఫారం మొత్తం నిలిచిపోతుంది.

మా అభిప్రాయం చెప్పాలంటే, పది నిమిషాలకు మించి పట్టే ఏ ఫారానికైనా అసలు చిత్తుప్రతి సర్వర్‌లోనే ఉండాలి. నెట్‌వర్క్ తెగినప్పుడు ఆదుకోవడానికి బ్రౌజర్‌లో ఒక నకలు ఉంటే చాలు.

తెలుగులో నింపే ఫారాలకు ప్రత్యేకంగా జాగ్రత్తలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, అవి తరచుగా ఫారం విడుదలయ్యాక గాని బయటపడవు. 'లక్ష్మి' అన్న పేరును తీసుకోండి. కంటికి రెండే అక్షరాలు: ల, క్ష్మి. ప్రతి లిపి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్ లెక్కలో అవి ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఆ సంఖ్యలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు కాబట్టి మొత్తం 21 బైట్లు. దాన్నే కుకీలోనో పేజీ చిరునామాలోనో పెట్టడానికి పర్సెంట్ ఎన్‌కోడింగ్ చేస్తే ప్రతి బైటూ మూడు గుర్తులుగా మారి 63 అవుతుంది. అంటే 4,096 బైట్ల కుకీలో పట్టేది 450 పైచిలుకు తెలుగు సంకేతాలే. ఒక ఇంటి చిరునామా, ఒక పొట్టి పేరా రాస్తే నిండిపోతుంది. ఆంగ్లంలో పరీక్షించి బాగానే ఉందనుకున్న ఫారం తెలుగు వాడుకరి దగ్గర మౌనంగా విఫలమయ్యేది ఇక్కడే. 'పేరు 20 అక్షరాలకు మించరాదు' అన్న నిబంధన పెట్టేటప్పుడు కూడా ఏ లెక్కన ఇరవై అన్నది బ్రౌజర్‌లోనూ, సర్వర్‌లోనూ, డేటాబేస్‌లోనూ ఒకేలా ఉండాలి.

రెండోది, కొన్ని కీబోర్డులలో అక్షరం ఒక్కసారిగా ఖరారు కాదు. వాడుకరి టైప్ చేస్తుండగా పదం కూడుతూ, మారుతూ ఉంటుంది. ఆ కూర్పు నడుస్తున్నప్పుడే ఆటోసేవ్ చేసి, సర్వర్ నుంచి వచ్చిన విలువను తిరిగి ఫీల్డులో రాస్తే పదం మధ్యలో విరిగిపోతుంది. కూర్పు ముగిసిందన్న సంకేతం వచ్చేవరకు ఆగాలి; అంతకంటే ముఖ్యంగా, వాడుకరి టైప్ చేస్తున్న ఫీల్డులోకి ఎప్పుడూ ఏదీ తిరిగి రాయకూడదు.

మూడోది, 'సాఫ్ట్‌వేర్' వంటి మాటల్లో పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ఆపే కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. 'అనవసరమైన అదృశ్య గుర్తులను' తొలగించే శుభ్రపరిచే కోడ్ దాన్ని కూడా తీసేస్తే, వాడుకరి తిరిగి వచ్చేసరికి తాను రాయని మాట అక్కడ కనిపిస్తుంది.

ఎంత తరచుగా భద్రపరచాలి?

ప్రతి కీ నొక్కుకూ సర్వర్‌ను పిలవడం దండగ. టైపింగ్ ఆగిన తర్వాత అర సెకను నుంచి ఒక సెకను వరకు వేచి చూసి పంపడం, ఫీల్డు వదిలి పక్కకు వెళ్లినప్పుడు పంపడం, దశ మారినప్పుడు తప్పనిసరిగా పంపడం అన్న మూడూ కలిస్తే సరిపోతుంది.

పేజీ మూసేటప్పుడు పంపుదామనుకుంటే మాత్రం జాగ్రత్త. 'ఈ పేజీని వదిలి వెళ్తారా?' అని అడిగే బిఫోర్‌అన్‌లోడ్ ఘటన ఫోన్లలో నమ్మదగినది కాదు. వాడుకరి వేరే యాప్‌కు మారి, అక్కడి నుంచే బ్రౌజర్‌ను తోసిపారేస్తే అది అసలు జరగకపోవచ్చు. పేజీ కనుమరుగవుతోందని తెలిపే విజిబిలిటీచేంజ్ ఘటన వచ్చినప్పుడే, పేజీ మూసినా అభ్యర్థనను ఆగకుండా పంపే సెండ్‌బీకన్ ద్వారా గాని, కీప్‌అలైవ్ పెట్టిన ఫెచ్ ద్వారా గాని పంపాలి. వీటికి 64 కేబీ పరిమితి ఉంది కాబట్టి, అప్పటికి మారిన ఫీల్డులను మాత్రమే పంపడం మంచిది.

భద్రపరిచిన సంగతిని వాడుకరికి చెప్పే తీరు కూడా ముఖ్యమే. '10:42కు భద్రపరిచాం' అని ఒక మూల చిన్న అక్షరాలతో చూపితే చాలు, ప్రతిసారీ పైకి ఎగిరే పెట్టె అవసరం లేదు. భద్రపరచలేకపోయినప్పుడు మాత్రం కంటికి కనిపించేలా చెప్పాలి. చాలా ఫారాలు దీనికి సరిగ్గా తలకిందులుగా నడుచుకుంటాయి.

ఆటోసేవ్ చేసిన తర్వాత కొత్త విలువ పోయి పాతది కనిపిస్తోంది. కారణం ఏమిటి?

వృత్తి అన్న ఫీల్డులో వాడుకరి 'ఉపాధ్యాయ' వరకు టైప్ చేసి ఒక్క క్షణం ఆగారనుకోండి. మొదటి అభ్యర్థన బయలుదేరింది. వెంటనే 'ఉపాధ్యాయురాలు' అని పూర్తిచేశారు, రెండోదీ బయలుదేరింది. నెట్‌వర్క్‌లో మొదటిది ఆలస్యమై రెండోదాని తర్వాత సర్వర్‌కు చేరితే, చివరికి నిలిచేది 'ఉపాధ్యాయ'. వాడుకరి తెర మీద సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

దీనికి రెండు మందులు. ఒకటి, ముందు పంపినదానికి జవాబు వచ్చేవరకు తర్వాతిది పంపకుండా వరుసలో నిలబెట్టడం. రెండోది, ప్రతి అభ్యర్థనకూ పెరుగుతూపోయే వరుస సంఖ్య ఇచ్చి, తన దగ్గర ఉన్నదానికంటే తక్కువ సంఖ్యతో వచ్చినదాన్ని సర్వర్ పక్కన పెట్టడం. రెండూ చేస్తే నిశ్చింత.

ఒకే దరఖాస్తును రెండు ట్యాబుల్లో, లేదా ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ తెరిస్తే ఏం చేయాలి?

చిత్తుప్రతికి సవరణ సంఖ్య ఉంటే ఈ సమస్య సగం తీరినట్టే. పేజీ తెరిచినప్పుడు ఆ సంఖ్యను ఈట్యాగ్‌గా (సర్వర్ జవాబుతో పాటు పంపే వెర్షన్ గుర్తుగా) ఇచ్చి, భద్రపరిచేటప్పుడు ఇఫ్-మ్యాచ్ హెడర్‌లో దాన్ని తిరిగి పంపించాలి. ఈలోపు వేరొక ట్యాబ్ మార్పు చేసి ఉంటే సర్వర్ 412 (షరతు నెరవేరలేదు) జవాబిస్తుంది. ఆ జవాబు వచ్చాక ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. 'మీ మార్పులు తిరస్కరించబడ్డాయి' అని చెప్పి పేజీని రీలోడ్ చేయడం అన్యాయం. ఫీల్డులవారీగా పోల్చి, వేర్వేరు ఫీల్డులు మారి ఉంటే నిశ్శబ్దంగా కలిపేయవచ్చు. ఒకే ఫీల్డు రెండుచోట్లా మారితే రెండు విలువలనూ చూపి ఏది ఉంచాలో వాడుకరినే అడగాలి.

ట్యాబ్‌ను డూప్లికేట్ చేస్తే సెషన్‌స్టోరేజ్ కూడా నకలవుతుందన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. అది ఒక్క ట్యాబ్‌కే సొంతం కదా అని దానిలోని గుర్తింపును నమ్ముకుంటే, ఇద్దరు కవలలు ఒకే పేరుతో సర్వర్ దగ్గరకు వస్తారు.

తప్పులున్న దశను భద్రపరచవచ్చా?

తప్పకుండా భద్రపరచాలి. ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువైనంత మాత్రాన చిత్తుప్రతిలో రాసుకోవడానికి నిరాకరించే హక్కు మనకు లేదు. భద్రపరచడానికి సరిచూపు అడ్డు రాకూడదు; ముందుకు వెళ్లడానికి దశ స్థాయి సరిచూపు, సమర్పించడానికి మొత్తం సరిచూపు ఉండాలి. చివరిది సర్వర్‌లో, అన్ని దశల మీదా మళ్లీ జరగాలి, ఎందుకంటే నాలుగో దశలో ఇచ్చిన సమాధానం మొదటి దశలోని విలువను చెల్లకుండా చేయవచ్చు.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. వాడుకరి టైప్ చేసినదాన్ని టైప్ చేసినట్టుగానే దాచాలి. ఆదాయం ఫీల్డులో '45,000' అని కామాతో రాస్తే, దాన్ని సంఖ్యగా మార్చి దాచకండి. తిరిగి వచ్చినప్పుడు '45000' కనిపిస్తే కంగారుపడతారు, మార్చడం విఫలమైతే ఏమీ కనిపించదు. తేదీల దగ్గర ఇంకా ప్రమాదం. జావాస్క్రిప్ట్‌లో '1990-05-01' అన్న తేదీని డేట్ వస్తువుగా మారిస్తే అది గ్రీన్‌విచ్ కాలమానంలో అర్ధరాత్రిగా లెక్కకు వస్తుంది, గ్రీన్‌విచ్‌కు పడమరన ఉన్న కాలమానాల్లో దాన్ని చూపిస్తే ఏప్రిల్ 30 అవుతుంది. పుట్టిన తేదీకి గడియారంతో పనిలేదు, దాన్ని అక్షరాలుగానే ఉంచండి.

మొత్తాలు, వయసు, అర్హత వంటి లెక్కించి తెలుసుకోగల విలువలను చిత్తుప్రతిలో అసలు దాచవద్దు. తెరిచిన ప్రతిసారీ లెక్కించుకోవచ్చు.

బ్రౌజర్ 'వెనుకకు' బటన్ నొక్కితే ఫారం మొత్తం పోతోంది. ఎలా సరిచేయాలి?

ప్రతి దశకూ సొంత పేజీ చిరునామా ఉంటే ఈ ఫిర్యాదు చాలావరకు పోతుంది. సర్వర్ నుంచి పేజీలు వచ్చే పద్ధతిలో, దశను పోస్ట్ చేసిన వెంటనే 303 జవాబుతో తర్వాతి దశ చిరునామాకు మళ్లించాలి. అప్పుడు వెనక్కి వెళ్లినా, రీలోడ్ చేసినా 'ఫారాన్ని మళ్లీ పంపాలా?' అన్న హెచ్చరిక రాదు. ఒకే పేజీ యాప్‌లో అయితే దశ మారినప్పుడల్లా పుష్‌స్టేట్‌తో బ్రౌజర్ చరిత్రలో నమోదు చేయాలి.

బ్రౌజర్లు వెనక్కి వెళ్లినప్పుడు పేజీని కొత్తగా తెరవకుండా, జ్ఞాపకంలో గడ్డకట్టించి ఉంచిన పాత పేజీనే చూపవచ్చు. అప్పుడు లోడ్ ఘటన జరగదు. పేజ్‌షో ఘటనలో పర్సిస్టెడ్ అన్న లక్షణం నిజమై వస్తుంది. ఆ సందర్భంలో సవరణ సంఖ్యను సర్వర్‌తో పోల్చుకోకపోతే పాత విలువలు కొత్తవాటిని తొక్కేస్తాయి.

ఒక సమాధానం మారితే దాని మీద ఆధారపడిన దశల వివరాలను చెరిపేయాలా?

'మీకు వివాహమైందా?' అన్న ప్రశ్నకు అవునని చెప్పి, జీవిత భాగస్వామి వివరాలన్నీ నింపిన తర్వాత, చేయి జారి 'లేదు' నొక్కితే ఆ దశ మాయమవుతుంది. వెంటనే తప్పు గ్రహించి మళ్లీ 'అవును' నొక్కినప్పుడు ఖాళీ గడులు ఎదురైతే ఆ మనిషికి వచ్చే కోపం న్యాయమైనదే. కాబట్టి దాగిన దశ వివరాలను చిత్తుప్రతిలో అలాగే ఉంచాలి, సమర్పించేటప్పుడు మాత్రం కత్తిరించాలి. సమర్పించే వేళకు ఏ దశలు వర్తిస్తాయో సర్వర్ మొదటి నుంచి లెక్కించి, వర్తించని వాటిలోని విలువలను శుద్ధప్రతిలోకి రానీయకూడదు. ఆ కత్తిరింపు మరిచిపోయిన ఫారాలలో అవివాహితుల దరఖాస్తుల్లో జీవిత భాగస్వాముల పేర్లు తేలుతుంటాయి.

తిరిగి వచ్చిన వాడుకరిని ఏ దశలో దింపాలి?

చివరిసారి వదిలిన దశలో దింపడం సహజంగా అనిపిస్తుంది, ఒకటి రెండు రోజుల్లో తిరిగి వస్తే అదే సరైనది. వారాలు గడిచాక వస్తే మాత్రం, ఏ దశలు పూర్తయ్యాయో, ఏవి మిగిలాయో చూపే జాబితా పేజీలో దింపడం మంచిదని మా అనుభవం. దశను సంఖ్యతో కాక పేరుతో గుర్తుంచుకోండి. మధ్యలో కొత్త దశ చేర్చిన రోజున 'మూడో దశ' అన్నది మరో దశ అయిపోతుంది.

చిత్తుప్రతి మధ్యలో ఉండగా ఫారమే మారిపోతే?

ప్రతి చిత్తుప్రతిలోనూ అది ఏ వెర్షన్ ఫారంతో మొదలైందో రాసి ఉంచాలి. 'పూర్తి పేరు' అన్న ఒక ఫీల్డును 'పేరు', 'ఇంటిపేరు' అని రెండుగా విడదీశారనుకుందాం. ఒకటో వెర్షన్ చిత్తుప్రతిని తెరిచినప్పుడు దాన్ని రెండో వెర్షన్‌గా మార్చే చిన్న ఫంక్షన్ ఒకటి నడవాలి. పేర్లలో ఇంటిపేరు ముందు రాసేవారూ ఉన్నారు, వెనుక రాసేవారూ ఉన్నారు. యంత్రం ఊహించి విడదీస్తే సగం మందికి తప్పు పడుతుంది. అలాంటిచోట పాత విలువను పక్కన చూపిస్తూ ఆ దశను అసంపూర్ణంగా గుర్తించి, వాడుకరి చేతనే సరిచేయించడం మర్యాద. మార్పు చేయలేని చిత్తుప్రతిని తెరవగానే లోపంతో కూలిపోయే ఫారం కంటే, 'ఈ రెండు ప్రశ్నలు మారాయి, దయచేసి మళ్లీ చూడండి' అని చెప్పే ఫారం ఎంతో నయం.

ఎంచుకున్న ఫైళ్లు రీలోడ్ చేస్తే ఎందుకు పోతాయి?

భద్రతా కారణాల వల్ల, మీ కంప్యూటర్‌లోని ఫలానా ఫైలును ఎంచుకున్నట్టు పేజీ తనంతట తాను ఫైల్ ఫీల్డును నింపలేదు. ఫైల్ వస్తువును జేసన్‌గా మార్చబోతే ఖాళీ కుండలీకరణాలు మాత్రమే మిగులుతాయి, లోపం కూడా రాదు. అందుచేత ఫైలును ఎంచుకున్న వెంటనే విడిగా అప్‌లోడ్ చేసి, సర్వర్ ఇచ్చిన గుర్తింపును మాత్రమే చిత్తుప్రతిలో ఉంచాలి. తెర మీద ఫైలు పేరు, పరిమాణం, 'తీసివేయి' బటన్ చూపాలి. ఇలా వచ్చిన ఫైళ్లలో కొన్ని ఏ దరఖాస్తుకూ చెందకుండా అనాథలుగా మిగిలిపోతాయి. కొన్ని రోజులు దాటిన అనాథలను తుడిచే పని ఒకటి నిత్యం నడవాలి.

సెషన్ గడువు ముగిస్తే నింపినది పోకుండా ఎలా?

గడువు ముగియడమన్నది లాగిన్‌కు సంబంధించిన విషయం, చిత్తుప్రతికి సంబంధించినది కాదు. మళ్లీ లాగిన్ అయ్యాక అదే దశకు, అవే విలువలతో చేర్చాలి. వెబ్ సౌలభ్య ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ ప్రకారం, గడువు ముగిసేముందు వాడుకరిని హెచ్చరించి, సులువైన ఒక్క చర్యతో పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్ల వ్యవధి ఇవ్వాలి, అలా కనీసం పదిసార్లు పొడిగించుకోనివ్వాలి. దీనికి కొన్ని ప్రత్యామ్నాయాలూ, మినహాయింపులూ ఉన్నాయి. చదవడానికో టైప్ చేయడానికో ఎక్కువ సమయం పట్టేవారికి ఈ నిబంధన ఎంత అవసరమో, వంటింట్లోకి వెళ్లి పాలు దించి వచ్చేవారికీ అంతే అవసరం.

ఆటోసేవ్ అభ్యర్థనకు 401 (లాగిన్ కావాలి) జవాబు వస్తే దాన్ని మింగేయకూడదు. అప్పటి విలువలను బ్రౌజర్ నకలులో ఉంచి, పేజీని వదలకుండానే లాగిన్ పెట్టె చూపి, ఆ తర్వాత మిగిలినది పంపాలి. వేరొకరు లాగిన్ అయితే ఆ నకలును వారికి చూపకుండా ఉండటానికి, నకలుతో పాటు యజమాని గుర్తింపును కూడా దాచాలి.

మొదటి దశలో ఇచ్చిన చిరునామాను నాలుగో దశలో మళ్లీ అడగవచ్చా?

అడగకూడదు. 2023 అక్టోబరులో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.2 దీన్ని కనీస స్థాయి నిబంధనగానే చేర్చింది: అదే ప్రక్రియలో ముందే ఇచ్చిన సమాచారాన్ని తానే నింపి చూపాలి, లేదా ఎంచుకునే వీలు కల్పించాలి. భద్రత కోసం పాస్‌వర్డ్ మళ్లీ అడగడం వంటివి మినహాయింపు.

ఏ వివరాలను చిత్తుప్రతిలో ఉంచకూడదు?

పాస్‌వర్డులు, ఓటీపీలు, కార్డు వెనుక ఉండే సీవీవీ. కార్డు పరిశ్రమ భద్రతా ప్రమాణమైన పీసీఐ డీఎస్ఎస్ ప్రకారం, వ్యాపారి చెల్లింపు ఆమోదం పొందిన తర్వాత సీవీవీని గుప్తీకరించి కూడా ఉంచుకోకూడదు. ఆ ఫీల్డులను ఆటోసేవ్ జాబితాలో 'ఇవి తప్ప' అని మినహాయించడం కంటే, 'ఇవి మాత్రమే' అని భద్రపరచవలసిన ఫీల్డులను పేర్కొనడం సురక్షితం. రేపు కొత్త ఫీల్డు చేర్చినవారు మినహాయింపు జాబితాను గుర్తుపెట్టుకుంటారన్న భరోసా లేదు.

లోకల్‌స్టోరేజ్‌లో ఉంచినది లాగౌట్ చేసినంత మాత్రాన పోదు. నలుగురూ వాడే కంప్యూటర్‌లో ఒకరి ఆరోగ్య వివరాలు తర్వాతివారికి కనిపించవచ్చు. పేజీలోకి చొరబడిన ఏ స్క్రిప్ట్ అయినా వాటిని చదవగలదు. లాగౌట్ బటన్‌కు బ్రౌజర్ నకలును తుడిచే పనిని కూడా అప్పగించాలి.

లాగిన్ లేని ఫారాన్ని తర్వాత కొనసాగించడానికి లింకు పంపవచ్చా?

పంపవచ్చు. లింకులోని టోకెన్ (రహస్య గుర్తు) ఊహించలేనంత పొడవుగా, యాదృచ్ఛికంగా ఉండాలి. డేటాబేస్‌లో దాని హ్యాష్‌ను (అసలు గుర్తును తిరిగి రాబట్టలేని ముద్రను) మాత్రమే దాచాలి. దానికి గడువు ఉండాలి. ఆ లింకు వేరొకరి చేతికి చిక్కవచ్చు కాబట్టి, తెరిచిన వెంటనే అన్ని వివరాలూ పరచకుండా, పుట్టిన తేదీ వంటి ఏదో ఒకటి అడిగి చూపడం వివేకం. ప్రయత్నాల సంఖ్యకు హద్దు పెట్టడం మరవకండి.

'సమర్పించు' రెండుసార్లు నొక్కితే రెండు దరఖాస్తులు నమోదవుతున్నాయి. బటన్‌ను నిలిపివేస్తే చాలదా?

చాలదు. బటన్‌ను నిలిపివేసినా, జవాబు రాక వాడుకరి పేజీని రీలోడ్ చేసి మళ్లీ పంపవచ్చు, లేదా బ్రౌజరే తిరిగి ప్రయత్నించవచ్చు. చిత్తుప్రతి గుర్తింపునే సమర్పణను గుర్తించే కీగా వాడి, ఆ నిలువు వరుసకు డేటాబేస్‌లో ఏకైకత నిబంధన పెట్టండి. రెండోసారి అదే గుర్తింపుతో వస్తే లోపం చూపకుండా, మొదటిసారి ఇచ్చిన రసీదునే మళ్లీ ఇవ్వండి.

చిత్తుప్రతిని ఎప్పుడు తొలగించాలి?

దరఖాస్తు నమోదైందని సర్వర్ రూఢిగా చెప్పిన తర్వాతే. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్న పాఠం. తొలినాళ్లలో రాసిన ఒక ఫారంలో, 'సమర్పించు' నొక్కగానే లోకల్‌స్టోరేజ్‌ను శుభ్రంచేసి ఆ తర్వాత అభ్యర్థన పంపేలా రాశాను. రెండు వరుసలే కదా, ఏది ముందైతే ఏమి అనుకున్నాను. ఒకావిడ తొమ్మిది దశలు నింపి నొక్కిన క్షణంలోనే నెట్ పోయింది. పంపడం విఫలమైంది, అప్పటికే చిత్తుప్రతి చెరిగిపోయింది. ఆవిడ చేసిన ఫిర్యాదులో ఒక్క పరుషమైన మాట లేదు, 'మళ్లీ అంతా రాయాలా?' అని మాత్రమే ఉంది. ఆ రెండు వరుసలను తారుమారు చేయడానికి ఒక్క నిమిషం పట్టింది.

సమర్పించని చిత్తుప్రతులకూ ఒక ఆయుష్షు నిర్ణయించి, ముందే తెలియజేయాలి. తొలగించబోయే ముందు ఒకసారి గుర్తుచేయడం, 'ఈ చిత్తుప్రతి వద్దు' అని వాడుకరే తీసేసే వీలు కల్పించడం రెండూ అవసరమే.

విడుదలకు ముందు ఏమేమి పరీక్షించాలి?

అన్నీ సరిగ్గా నింపి, సాఫీగా చివరిదాకా వెళ్లే పరీక్షను ఎలాగూ చేస్తారు. మిగిలినవే ముఖ్యం. మూడో దశలో ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి నాలుగు ఫీల్డులు నింపి, మోడ్ తీసేసి, ట్యాబ్ మూసి తెరవండి. చిత్తుప్రతి తెరిచి ఉండగానే సర్వర్‌లో ఆ సెషన్‌ను చేత్తో తొలగించి 'తర్వాత' నొక్కండి. ట్యాబ్‌ను డూప్లికేట్ చేసి రెండింటిలోనూ ఒకే ఫీల్డును మార్చండి. గత వెర్షన్‌లో భద్రపరిచిన చిత్తుప్రతులను కొన్ని దాచిపెట్టుకుని, ప్రతి విడుదలకూ వాటిని తెరిచి చూడండి. పేర్ల ఫీల్డుల్లో 'టెస్ట్' అని కాక, 'లక్ష్మీనరసింహస్వామి' వంటి పేరు ఇచ్చి, భద్రపరిచి, తిరిగి తెరిచి, చివరి అక్షరం వరకు ఉందో లేదో చూడండి.